ఏమీ తగిలించని పవర్ సప్లై

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. రాత్రి ఎవరో పేరు పెట్టి పిలిచారని మా ఆడబిడ్డ చెబితే, చెవులు చూపించుకోమన్నదాన్ని. మీటరులో ముల్లు కదిలితే నమ్ముతాను, లేకపోతే లేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను మరి, ఆమాత్రం పొగరు ఉండేది.

మేముండేది తమిళుల మధ్య, చూలై పేటలో, మూడో అంతస్తు. మొన్న వేసవి సెలవుల్లో మా విద్యార్థుల ప్రాజెక్టుల కోసం ఇంట్లోనే ఒక రెగ్యులేటెడ్ పవర్ సప్లై తయారుచేశాను. ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, లావుపాటి కెపాసిటర్, వోల్టేజిని అటూ ఇటూ పోనివ్వని రెగ్యులేటర్ ఐసీ. ముందువైపు రెండు ముల్లు మీటర్లు బిగించాను. ఒకటి వోల్టేజి చూపిస్తుంది, రెండోది బయటికి పోయే కరెంటు.

ఆన్ చేశాను. వోల్టేజి పన్నెండు దగ్గర కదలకుండా నిలబడింది. ఎర్ర, నల్ల టెర్మినళ్ళకు ఇంకా ఏమీ తగిలించలేదు కాబట్టి కరెంటు ముల్లు సున్నా మీదే ఉండాలి. అది మెల్లగా లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

మీటరు తగలడిందని విసుక్కున్నాను. వైరును కరుచుకునే క్లాంప్ మీటరు పెట్టి చూస్తే అదీ అదే చెప్పింది.

పక్క గదిలో మా ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు. ఆయన గురక వీధి వీధంతా ఎరిగినదే. అది లేచినప్పుడు ముల్లు లేస్తోంది, దిగినప్పుడు దిగుతోంది.

నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే స్విచ్ ఆపాను. గురక ఆగిపోయింది.

వెళ్ళి చూస్తే ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి, నోరు తెరిచి ఉంది, ఛాతీ కదలడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. నేను పరిగెత్తింది ఆయన దగ్గరికి కాదు, స్విచ్ దగ్గరికి. అది ఎవరు చెబితే చేశానో నాకు తెలియదు. ఆన్ చేయగానే గదిలోంచి పెద్దగా ఊపిరి లాగిన చప్పుడు వినిపించింది.

"ఏందే ఇది, ఎవరో ముక్కూ నోరూ మూసినట్టుండె," అన్నాడు లేచి కూర్చుని. ఒళ్ళంతా చల్లటి చెమట.

డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, గుండె, ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. స్విచ్ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్నే చూపించుకోమంటారు.

ఇంకో సాయంత్రం నేనొక్కదాన్నే ఉన్నాను. ముల్లు ఉన్నట్టుండి గబగబా కొట్టుకోసాగింది. స్విచ్ జోలికి పోకుండా దానివంకే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి మా ఆయన తలుపు తట్టాడు. లిఫ్టు పనిచేయక మెట్లెక్కి వచ్చాడు, రొప్పుతున్నాడు.

ఆ వారమే ఇన్వర్టరు పెట్టించాను. ఇప్పటికీ కరెంటు పోయినప్పుడల్లా పైప్రాణాలు పైనే పోతాయి. కరెంటు లీకేజీ అని కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు, నేనైనా అలాగే అనేదాన్ని. ఆపి మళ్ళీ పరీక్షించే ధైర్యం మాత్రం నాకు లేదు.

మొన్న ఆదివారం ఇల్లు సర్దుతూ ఆయనే దాని ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"దీనికేమీ తగిలించలా గదా. సుమ్మా, ఊరికే ఎందుకు ఆన్‌లో పెట్టుండావు?"

ఆ చెయ్యి రెండు చేతులతో పట్టేసుకున్నాను. "దాన్ని ఆపబాకండి," అని మాత్రం అనగలిగాను. ఏడుపు ఆగలేదు. ఆయన బిత్తరపోయి, ఎందుకని అడిగాడు.

ఆ చెయ్యి వదలకుండానే ముల్లు వైపు చూశాను.