తీర్పరి అడగని మాట

చిలకలగూడ లెక్కల మాస్టారు దేవానందానికి భార్యాబిడ్డలు లేరు గాని, నియమాలు మాత్రం బోలెడున్నాయి. ఇళ్ళలోకి కంప్యూటర్లు రాని రోజులవి. శనివారం మధ్యాహ్నం ఆయన ముందుగదిలో ఒక ఆట సాగేది. రెండు వందల ఏళ్ళ కిందటి దక్కను సైన్యంలో తలా ఒక సర్దారు. తన సర్దారు ఏం చేస్తాడో ఎవరికి వారు నోటితో చెప్పాలి, గెలుపోటములు పాచికలు తేల్చాలి. తీర్పరి దేవానందమే.

ద్వంద్వయుద్ధమంటే ఆయనకు పిచ్చి. దాని మర్యాదలన్నీ ఆయనే కట్టాడు. ఆయుధం ఎంచుకునే హక్కు సవాలు అందుకున్నవాడిది. ఎదుటివాడు నేర్వని ఆయుధం కోరకూడదు. కర్ర కోరవచ్చు, కాని అది నౌకర్లను కొట్టే వస్తువు, కోరితే ఎదుటి సర్దారును నౌకరుగా చూసినట్టే. వీటన్నిటికంటే ముందు తీర్పరి ఇద్దరినీ ఒక మాట అడగాలి: 'క్షమాపణతో పోతుందా?'

ఆడేవాళ్ళలో లూకా, రిచర్డ్ లాలాగూడ రైల్వే కాలనీలో ఒకే గోడకు అటూ ఇటూ పెరిగినవాళ్ళు. ఇప్పుడు ఒకే ఆఫీసు. ఒక శనివారం టీ తాగుతూ రిచర్డ్ నవ్వులాటకు, "నీ ప్రమోషన్ మీ మామ పుణ్యమే గదరా" అన్నాడు. అందరూ నవ్వారు, లూకా నవ్వలేదు. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోగలమా?

మరుసటి శనివారం లూకా, తన సర్దారు రిచర్డ్ సర్దారు ముందు చేతిరుమాలు పడేశాడని చెప్పాడు. ఆ ఆటలో అది సవాలు.

దేవానందానికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇన్నేళ్ళుగా మర్యాదలు కట్టి కూర్చున్నాడు గాని, ఒక్క ద్వంద్వయుద్ధమూ పడలేదు పాపం.

"రిచర్డ్, ఆయుధం చెప్పు!" అన్నాడు.

రిచర్డ్ ఆయన మొహంలోకి చూశాడు. "గంతేనా అన్నా? ఇంకేం అడగవా?"

"ఇంకేముంటది? జల్దీ చెప్పు."

రిచర్డ్ తల దించుకుని, "కర్ర" అన్నాడు.

లూకా మొహం నల్లబడింది. అసలే గోరుచుట్టు, దాని మీద రోకటిపోటు. "ఆఫీసుల నేను మామ చాటునోణ్ణి, ఈడ సుత నౌకరునా? చాలు రా నీ దోస్తానా" అని లేచిపోయాడు. పాచికలు దేవానందం చేతిలోనే ఉండిపోయాయి.

ఆ తర్వాత లూకా ఆఫీసులో కుర్చీ మార్చుకున్నాడు, చర్చిలో వరస మార్చుకున్నాడు. శనివారాలు ఆగిపోయాయి. పౌరుషం ఎక్కువైంది వీడికి అని దేవానందం లూకానే తిట్టుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం రిచర్డ్ వచ్చాడు, చిక్కిపోయి.

"ఆ దినం మాఫీ అడుగుదామనే వచ్చిన అన్నా. నా నోటితోని రాకపాయె, సర్దారు నోటితోని అంటా అనుకున్న. నువ్వు అడుగుతవని చూసిన. అడగకపోతివి."

"మరి కర్ర ఎందుకన్నవ్ రా?"

"కర్రతోని ఎవ్వడూ చావడు గదా అన్నా."

దేవానందానికి అప్పుడు గుర్తొచ్చింది. మర్యాదలన్నిట్లో మొదటిది, తాను కట్టినదే, ఆయుధాల సంబరంలో అడగడమే మరిచాడు. సిగ్గుతో, దుఃఖంతో లేచాడు. చెప్పులేసుకుని రిచర్డ్‌ను లాలాగూడకు లాక్కెళ్ళాడు.

లూకా ఇంటి వరండా నిండా మూటలు. ట్రంకుపెట్టెకు తాడు కడుతున్న లూకా తలెత్తి, లేచి నిలబడ్డాడు.

దేవానందం గేటు దగ్గరే నిలబడి, సర్దార్లతో అన్నట్టే అడిగాడు. "క్షమాపణతో పోతుందా?"

"తప్పయింది రా లూకా, మాఫ్ చెయ్" అన్నాడు రిచర్డ్. కళ్ళు తుడుచుకోలేదు.

లూకా వంగి తాడు ముడి బిగించాడు. "మాఫ్ చేసిన పో. గా శనివారం అడిగుంటే నవ్వుకుంట లేస్తుంటిమి అన్నా. రిచర్డూ, నీ మొహం చూసుడు కష్టమై కాజీపేటకు బదిలీ నేనే అడుక్కున్న రా. ఆర్డరొచ్చింది. ఈ రాత్రి బండికే పోవుడు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ఎవరూ అనలేదు. వీధిలో రిక్షా వచ్చి ఆగింది. లూకా ట్రంకుపెట్టె ఒక పక్క ఎత్తాడు, రిచర్డ్ రెండో పక్క పట్టుకున్నాడు. దేవానందం గేటు తెరిచి, పక్కకు జరిగి వాళ్ళకు దారిచ్చాడు.