మిగిలినోళ్ళ పొద్దు

1969 వానాకాలం మొదట్లో గోదావరిఖనిలోని ఒక బొగ్గు గనిలో బదిలీ ఫిల్లర్‌గా నా పేరు ఎక్కింది. కొడుక్కు కొలువు దొరికిందని మా అవ్వ వాడంతా బెల్లం పంచింది. నిజానికి అది కొలువు కాదు, కొలువు కోసం నిలబడే చోటు. ఫిల్లర్ అంటే పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో, అంటే వెడల్పాటి పారతో, తట్టకెత్తి టబ్బుల్లో నింపేవాడు. ఆ మనిషి రాని రోజున అతని బదులు దిగేవాడు బదిలీ ఫిల్లర్. పర్మినెంటు మనిషికి జ్వరమన్నా రావాలి, అతని ఇంట్లో పెళ్ళన్నా కావాలి. అప్పుడే మాకు పని. ఇంకొకరికి జ్వరం రావాలని కోరుకోకుండా పొద్దున్నే లేవడం బదిలీవాడు ముందుగా నేర్చుకోవలసిన విద్య.

తరువాత పరీక్షలు రాసి సర్దార్‌నయ్యాను. గనిలో ఒక భాగానికీ, అక్కడ పనిచేసే మనుషుల ప్రాణాలకూ పూచీ పడేవాడు సర్దార్. అలాంటి సర్దార్ల పని చూసే ఓవర్‌మన్‌గా రిటైరయ్యాను. గని గురించి అడిగేవాళ్ళంతా గ్యాసు గురించీ, పైకప్పు కూలడం గురించీ అడుగుతారు. నేను మాత్రం గనిలోకి దిగని రోజుల సంగతి ఒకటి చెబుతాను.

మొదటి షిఫ్టు సైరన్‌కు ముందు హాజరు వేసే మస్టర్ గది కిటికీ తెరుచుకునేది. పర్మినెంటు వాళ్ళు వరసగా వచ్చి తమ ఇత్తడి బిళ్ళలు తీసుకుని, దీపాల గదిలో అవి ఇచ్చి, తలకు పెట్టుకునే లైటు తీసుకునేవారు. దీపాల గదిలో ఎవరి బిళ్ళ వేలాడుతుంటే ఆ మనిషి భూమి కింద ఉన్నట్టు. ఆ వరస అయిపోయాక మస్టర్ క్లర్కు వరండాలోకి వచ్చి బదిలీల పేర్లన్నీ చదివేవాడు. పేరు వినగానే పలకాలి. పలికినవాళ్ళలో నుంచి ఆ రోజుకు కావలసిన మనుషులను రెండోసారి పిలిచి బిళ్ళలిచ్చేవాడు. వరసగా కొన్ని పొద్దులు పలక్కపోతే పేరు కొట్టేసేవారు. పేరు పోతే మళ్ళీ ఎక్కడం మా చేతిలో లేదు.

రెండో పిలుపు అందనివాళ్ళను అందరూ మిగిలినోళ్ళు అనేవారు.

మిగలడం కన్నా మిగిలి ఇంటికి పోవడం కష్టం. బస్తీలో నల్లా దగ్గర ఆడవాళ్ళు ఉంటారు. చేతిలో సద్ది గిన్నె ఊగే తీరు చూసి అది నిండుగా ఉందో ఖాళీగా ఉందో దూరం నుంచే చెప్పేస్తారు. "ఏం బావా, ఇయ్యాల గూడ సద్దిని షికారుకు తోల్కపొయ్యొచ్చినవా?" అని ఒకామె అడిగితే మిగతావాళ్ళు నవ్వుతారు. అందులో కోపం లేదు. అయినా ఆ నవ్వు దాటి ఇంట్లోకి పోవడానికి కాళ్ళు వచ్చేవి కావు.

అందుకని మేము ఇంటికి పోవడం మానేసి గని వెనకాల కర్రల దిబ్బ మీద కూర్చునేవాళ్ళం. పైకప్పుకు ఆనించడానికి అడవి నుంచి తెచ్చిన దుంగలు అవి. తడి కర్ర వాసన, కొంచెం పసుపు రంగు పొట్టు. పక్కనే పెద్ద ఫ్యాను గది. గని ఒక నోటితో గాలి పీలుస్తుంది, ఇంకొక నోటితో ఈ ఫ్యాను ఆ గాలిని బయటికి లాగుతుంది. చలికాలం పొద్దున అక్కడ తెల్లని వెచ్చని ఆవిరి లేచి గోదావరి మంచుతో కలిసిపోయేది. ఏది ఏటి ఊపిరో, ఏది గని ఊపిరో తెలిసేది కాదు. ఆ వెచ్చదనంలో కూర్చుంటే కింద నడుస్తున్న మనుషుల చెమట కూడా మా దాకా వచ్చినట్టుండేది. దిగకపోయినా గనితో సంబంధం తెగలేదనిపించేది.

మంచిర్యాలలో ఏ మిల్లుకు మనిషి కావాలో, బెల్లంపల్లిలో ఏ బావి మీద, అంటే ఏ గని మీద, కొత్త పేర్లు రాస్తున్నారో మాకు అక్కడే తెలిసేది. కింద వాళ్ళు సద్ది విప్పే వేళకు మేమూ గిన్నెలు మూతలు తీసి అందరివీ కలుపుకునేవాళ్ళం. జొన్న రొట్టె ఒకరిది, మామిడి తొక్కు ఒకరిది, మాతోటి బదిలీ ఖాసిం ఇంటి నుంచి ఖట్టా అనే పులుసు. తరువాత నేను చదివింది చెప్పేవాణ్ణి.

నేను బడిలో చదివింది తక్కువ. బజారులో రేకుల కప్పు కింద చిన్న గ్రంథాలయం ఉండేది. అందులో దొరికినవన్నీ వరస పెట్టి చదివాను. చదివినది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు బొగ్గు పుట్టుక చెప్పాను. ఒకప్పుడు ఈ నేలంతా బురద అడవి అనీ, నాలుకల్లాంటి ఆకులున్న చెట్లు కూలి, మట్టి కప్పుకుని, నల్లబడి బొగ్గయ్యాయనీ.

ఖాసిం నోరు తెరిచాడు. "అరె యార్! అయితె మనం తట్టల మోసేది చెట్ల పీనుగులా? పైసలు జర ఎక్కువియ్యాలె మరి."

అందరూ నవ్వారు. కొమురయ్య నవ్వలేదు. అతను గోదావరి అవతల జైపూర్ దిక్కు పల్లె నుంచి వచ్చినవాడు, నాకన్నా పెద్ద. మెల్లగా అడిగాడు. "రాజన్నా, గా అడవిల పిట్టలుండెనా?"

అప్పటికింకా పిట్టలు పుట్టలేదని పుస్తకంలో ఉంది. అదే చెప్పాను.

"పిట్టల్లేని అడవా!" అని ఆవిరి వైపు తిరిగాడు. మర్నాడు వస్తూనే అన్నాడు. "రాజన్నా, నిద్రల గా అడవికి పొయ్యొచ్చిన. ఆకు గూడ కదలది. నా అడుగు సప్పుడే నాకినబడ్డది."

అప్పటి నుంచి రోజూ అతని కోసమే ఆ అడవిని కొంచెం కొంచెం చెబుతూ వచ్చాను. వాన ఎలా కురిసేది, నీళ్ళు ఎలా నిలిచేవి. తెలిసింది అయిపోయాక గ్రంథాలయానికి పోయి ఇంకొంత తెలుసుకుని వచ్చేవాణ్ణి. పని లేని మనిషికి రేపటి కోసం ఒక పని అది.

ఆ చలికాలం కొమురయ్యను అదృష్టం చిన్నచూపు చూసింది. మాకందరికీ అప్పుడప్పుడు పిలుపు వచ్చేది. అతను మిగులుతూనే ఉన్నాడు. ఒక పొద్దున మస్టర్‌కు రాలేదు. మర్నాడూ రాలేదు.

ఖాసింకు ఎవరి గొంతయినా వచ్చేది. ఆ రెండో పొద్దున క్లర్కు "కొమురయ్య" అని చదవగానే గొంగడి ముసుగులో నుంచి ముక్కుతో "ఉన్న దొరా" అని పలికాడు. మంచులో అక్కడున్నవి ముఖాలు కావు, గొంగళ్ళు. క్లర్కు తల ఎత్తకుండా ముందుకు పోయాడు. మేము నవ్వు ఆపుకున్నాం. పేరు నిలబెట్టాం కదా అని సంతోషపడ్డాం. ఆ తరువాత రోజూ అలాగే పలికాడు. కొమురయ్య ఇంటికి మాత్రం ఎవరూ పోలేదు. పోతే సిగ్గుపడతాడని మాలో మేమే అనుకున్నాం.

ఒకరోజు రెండో పిలుపులో మొట్టమొదటి పేరు అతనిదే వచ్చింది. "కొమురయ్య! ఫిల్లరొకాయనకు దవాఖానల మంచం బడ్డది. మల్ల వచ్చేదాంక నువ్వే. రా, బిళ్ళ తీస్కో."

ఒక రోజు పని కాదది. బదిలీవాడికి అంతకన్నా పెద్ద వరం లేదు. అలా ఒకే చోట చాలాకాలం దిగినవాణ్ణే పర్మినెంటు చేసేటప్పుడు ముందు చూసేవారు. పిలిచినా మనిషి లేడని తేలితే కొమురయ్య పేరూ పోతుంది, అతని గొంతుతో పలికిన ఖాసిం పేరూ పోతుంది.

ఖాసిం గొంగడి ఇంకా కిందికి లాక్కుని పోయి బిళ్ళ తీసుకున్నాడు. తిరిగి వచ్చి నన్ను పక్కకు లాగాడు. "ఏం జేద్దాం రా రాజన్నా? ఈ పొద్దుకు ఆయన పేరు మీద నేనే దిగుత. ఎవలకు తెలుస్తది?"

"కింద కప్పు కూలిందనుకో. బిళ్ళ జూసి కొమురన్న పెండ్లాం లచ్చక్కను పిలుస్తరు, మీ అమ్మను పిలువరు. పేరొకలది, పానమొకలది, గట్ల దిగొద్దు" అన్నాను.

అతని ముఖం మారింది. "అయితె ఉరుకు. నేను లైనుల నిలబడ్త. నువ్వొచ్చేదాంక కిటికీ కాడికి పోను."

నేను నా తట్టా చెమ్మస్ తీసుకునే పరుగెత్తాను. బస్తీ రైలు పట్టాల అవతల. మంచులో పట్టాలు కనిపించలేదు. కాలికి కంకర తగిలినప్పుడు దాటుతున్నానని తెలిసింది. ఎంత పరుగెత్తినా అక్కడే ఉన్నట్టుంది. ఒక్క చప్పుడు లేదు. కొమురయ్య చెప్పిన అడవి ఇలాగే ఉండి ఉంటుందనిపించింది.

అతను గుడిసెలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భార్య లచ్చక్క పొయ్యి దగ్గర ఉంది. సంగతి చెప్పగానే కొమురయ్య లేచి కూర్చున్నాడు కానీ నిలబడలేదు.

"నేన్లేంది నా పేరెట్ల పలికింది?"

"ఖాసిం పలికిండు. రోజు ఆయనే పలుకుతుండు."

"రోజా?" ముఖం నా వైపు తిప్పాడు. "నేను పోకున్న అక్కడేం ఆగదని పండుకున్న రాజన్నా. ఇగ నా పేరు పోయిందే అనుకున్న."

"మస్తు ఆగింది. అడవి కత సగంల ఆగింది. అడిగేటోడు లేకపాయె" అన్నాను.

లచ్చక్క సద్ది గిన్నె అతని ఒళ్ళో పెట్టింది. "పేరు బాయి మీద నిలబడ్డది, మనిషి మంచంల పండుకున్నడు. లే! ముచ్చట్లు పైకొచ్చినంక పెట్టుకోరి."

మా గని మీద బదిలీలు తమ తట్టా చెమ్మస్ తామే తెచ్చుకోవాలి. అతని తట్ట మూలన ఉంది. అందులో కోడి పొదిగి కూర్చుంది. కొమురయ్య చేయి పెట్టబోతే కసిరి పొడిచింది.

"దాన్ని కదపకు. గుడ్లు మురుగుతయి" అని లచ్చక్క కేక వేసింది.

"నాది పట్టు కొమురన్నా" అని నా తట్టా చెమ్మస్ అతని చేతికిచ్చాను. నా రెండో పిలుపు ఏమయిందో నాకు తెలియదు. తట్ట ఇచ్చాక తెలుసుకునే అవసరం కూడా లేకపోయింది.

మేము దీపాల గది చేరేసరికి ఖాసిం ఇంకా వరసలోనే ఉన్నాడు. "ముందు నువ్వు పో కాకా, నీకు మోకాళ్ళ నొప్పులు", "నువ్వు పోరా, కొత్తగ లగ్గమైనోనివి" అంటూ బిళ్ళలతో వెనక వచ్చిన బదిలీలందరినీ ముందుకు పంపుతున్నాడు. చివరికి వెనక ఎవరూ మిగలలేదు. కిటికీలోని మనిషి "నువ్వు దిగుతవా, లగ్గాలు జేస్తవా?" అని అరుస్తున్నాడు. కొమురయ్య అతని చేతిలో నుంచి బిళ్ళ తీసుకుని కిటికీలోకి చాచాడు. లైటు వచ్చింది. గని నోటి దగ్గర మంచులో ఆ లైటు కాసేపు పసుపు చుక్కలా కదిలి, తరువాత కిందికి దిగిపోయింది.

ఖాసిం, నేను కర్రల దిబ్బ మీద కూర్చున్నాం. ఆ రోజు ఇద్దరమూ మిగిలినోళ్ళమే. సద్ది విప్పే వేళకు ఖాసిం ఆవిరి వైపు చూసి అన్నాడు. "ఇందుల కొమురన్న చెమట గూడ ఉన్నట్టేనా?" ఉన్నట్టే అన్నాను.

షిఫ్టు దిగాక కొమురయ్య కళ్ళు తప్ప అంతా నలుపుతో మా దగ్గరికి వచ్చాడు. నా తట్ట దుంగ మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు. "రాజన్నా, నీ ఆకును జూసిన. కప్పుకు అంటుకొని ఉన్నది, నాలిక తీర్గ. లైటు పెట్టి జూసిన." తరువాత గొంతు తగ్గించి అన్నాడు. "పిట్టల కోసం గూడ జూసిన. లేవు."

దవాఖానలో మంచం పట్టిన మనిషి కోలుకుని గని బయట చేసే పై పనికి మారాడు. కొమురయ్య అక్కడే ఉండిపోయి పర్మినెంటయ్యాడు. ఖాసిం మరుసటి ఏడు గని వర్క్‌షాపులో చేరాడు. నాకు ఎండాకాలంలో వరస పిలుపులు మొదలయ్యాయి. లచ్చక్క కోడి పిల్లలు చేసింది.

ఆ పొద్దు తరువాత మిగిలినోళ్ళం ఒకరి బదులు ఒకరు పలకడం మానేశాం. రానివాడి ఇంటికి అదే రోజు ఒకరు పోవాలని మాట పెట్టుకున్నాం. బదులు పలికితే పేరు మిగులుతుంది, మనిషి ఇంట్లోనే పడి ఉంటాడు. పని లేనివాడికి పని దొరికేదాకా కావలసింది తాను రాలేదని గమనించే నలుగురు. ఆ నలుగురి మధ్య కూర్చోవడానికి పొద్దున్నే లేచి రావడం అతని వంతు.

ఓవర్‌మన్‌నయ్యాక మనుషులు తక్కువైన పొద్దున మస్టర్ వరండాలో నేనూ నిలబడేవాణ్ణి. ఏ బదిలీ పేరుకైనా జవాబు రాకపోతే క్లర్కును తరువాతి పేరుకు పోనిచ్చేవాణ్ణి కాదు. ముందు గుంపును అడిగేవాణ్ణి: "ఈయన ఇల్లెవలకు ఎరుక?"