సినిమా తుపాకీతో వేటకెళ్లాను

ఈరోజు మా మన్యంలో ఇటుకల పండగ, మగోళ్లంతా అడవికి వేటకెళ్లే రోజు. ఉత్తి చేతుల్తో తిరిగొచ్చిన మగోడి మీద ఊరి ఆడోళ్లు పేడనీళ్లు పోస్తారు. అల్లుడు విశాఖ నుంచి తెచ్చిన ఎయిర్ పిస్టల్ పట్టుకుని నేనూ వెళ్లాను. నల్లగా, బరువుగా, అచ్చం సినిమా హీరో చేతిలో ఉండేదే.

కాఫీ తోటలో మంచు మెల్లగా పారుతోంది. అందులోంచి అడవికోడి పుంజు ఒకటి వచ్చి నా ఎదురుగా నిలబడింది. గురి పెట్టాను. దాని మెడ మీద ఎండ పడి బంగారంలా మెరిసింది. ఏటి చెయ్యడానికొచ్చానో మరిచిపోయాను. అది మళ్లీ మంచులోకి నడిచెళ్లిపోయింది.

ఊరి మొదట్లో మా వదిన బిందెతో కాసుకుని ఉంది.

"ఏటి మరిదీ, హీరోలాగెల్లావు, వేటేదీ?"

"తుపాకీ పేల్లేదొదినా."

"బొమ్మ తుపాకీకి బొమ్మ పిట్టలే పడతాయి. బేగి ఒంగో!"

నిలువునా తడిసిపోయాను. ఇంత ముసలోణ్ణి, పుంజు అందం చూస్తూ నిలబడిపోయానని చెప్పుకోడం కన్నా పేడనీళ్లే నయం అనుకున్నాను. మీరైతే ఏం చెప్పేవారు?