నౌపడలో పడిన పన్నెండో చుక్క

కొత్తవలస జగన్నాధం మేస్త్రీ ముప్పై ఏళ్లుగా చెక్కపని చేస్తున్నాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడుచేసిన చెక్కలే నేర్పాయి. కబుర్లు చెప్పేవాళ్లంటే అతనికి పడదు. అయినా ఒక్క గొప్ప మాత్రం తానే ఊరంతా చెప్పుకున్నాడు.

"కన్నమున్న సెక్క నా కొట్టు గడప దాటదు."

ఆ కన్నాలు పెట్టేది తుమ్మెద. బొటనవేలంత నలుపు, నడుముకి పసుపు పట్టీ. అరుదైన జాతి. ఎండిన పనస దుంగ దొరికితే తొలుచుకుపోయి లోపల కాపురం పెడుతుంది. అర అంగుళం బరమాతో తొలిచినా అంత గుండ్రంగా రాదు. జగన్నాధం దాన్ని తిడుతూనే కన్నం అంచు తడిమి, "పనిమంతురాలే," అనేవాడు.

ఎచ్చెర్లలో పరిశోధన చేస్తున్న శైలజ పనంతా ఆ తుమ్మెద మీదే. అది కనిపించిన పదకొండు చోట్లూ కంప్యూటర్‌కి చెప్పింది. అక్కడి వాన, ఎండ, కొండల ఎత్తు, చెట్లు చూసుకుని, అది ఇంకెక్కడ బతకగలదో కంప్యూటర్ పటం గీసింది. బతికే చోటు ఎరుపు, బతకలేనిది తెలుపు. బొడ్డవర వైపు కొండలన్నీ ఎర్రబడ్డాయి. పదకొండులో నాలుగు చోట్లు చూపించింది జగన్నాధమే.

అంతలో నౌపడ నుంచి కమలాదేవి అనే ఆవిడ ఫోటో పంపింది. ఉప్పు మడుల దగ్గర, వాళ్లింట్లో, అదే తుమ్మెద. పన్నెండో చుక్క పెట్టగానే సముద్రపొడ్డు పొడుగునా పటం కందిపోయింది.

"మతి పోయింది కంప్యూటర్‌కో నాకో తెలీడం లేదు బాబాయ్," అంది శైలజ ఫోన్లో. "సోమవారం పటం ఇచ్చేయాలి. ఆ చుక్క నిజమైతే, ఇది కొండ తుమ్మెదని మూడేళ్లుగా రాసిందంతా తప్పే. ఓసారొచ్చి చూడవా?"

"ఉప్పు దగ్గర అదేటి తింటాది? ఉండు, వస్తన్నాను."

ఆదివారం ఇద్దరూ నౌపడ వెళ్లారు. కిరాణా కొట్టు వెనకే కమలాదేవి ఇల్లు. వరండాలో పనస చెక్క ఉయ్యాల బల్ల.

"పోయిన వేసంగిలో సికాకుళం కొట్లో కొన్నాను," అంది కమలాదేవి. "కూకుంటే కింద గుయ్యిమంటాది. ఉయ్యాల దానిది, పీట నాది."

జగన్నాధం వంగి చూశాడు. బల్ల అడుగున అదే కన్నం. శైలజ ముఖం వాడిపోయింది.

అతను అలవాటు కొద్దీ బల్ల అంచు కింద తడిమాడు. వేళ్లకి మూడు గాట్లు తగిలాయి. తాను చేసిన ప్రతి సామానుకీ, కొన్నవాడికి కనపడని చోట పెట్టే గాట్లు అవి. బొడ్డవర దుంగ, శ్రీకాకుళం కొట్టువాడి తొందర, రంపప్పొట్టు జిగురులో కలిపి కన్నంలో కూరడం, పైన లప్పం, ఆ పైన రంగు, అన్నీ గుర్తొచ్చాయి.

గాట్ల సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలీదు. మంచినీళ్లడిగి తాగాడు. మళ్లీ అడిగి తాగాడు.

శైలజ లాప్‌టాప్ తెరిచింది. "కళ్లతో చూశాక ఇంకేముంది. చుక్క ఉంచి, రాసింది కొట్టేస్తాను."

"ఉండు పాపా. ఆ సుక్కే తీసీ."

"ఎందుకు?"

"ఇది ఎగిరి రానేదు. లారీలో వచ్చినాది. లోపల ఉండగానే కన్నం మూసి నేనే ఎక్కించినాను."

శైలజ నవ్వు ఆపుకుంటూ పన్నెండో చుక్క చెరిపింది. తనంతట తాను వచ్చి బతికిన చోటే పటానికి లెక్క. సముద్రపొడ్డు తెల్లబడింది.

"అయితే కన్నం సెక్క నాకంటగట్టినావన్నమాట," అంది కమలాదేవి.

"అంతేనమ్మా. కొత్త బల్ల సేసి తెస్తాను."

"లప్పం మాత్రం బాగా ఎట్టినావు మేస్త్రీ. నేను కనిపెట్టనేదు."

"అది కనిపెట్టింది కదమ్మా."

పది రోజుల తర్వాత కొత్త బల్ల బిగించాడు. మర్నాడు తెల్లారకుండానే, తుమ్మెద ఇంకా లోపలుండగా, పాత బల్ల కన్నంలో గుడ్డ పీలిక దోపి పాసింజరెక్కాడు. తలుపు పక్కన బల్ల నిలబెట్టి పట్టుకున్నాడు.

"ఏటి మావా, సెక్క గుయ్యిమంటన్నాది?" అన్నాడు పక్కనున్నవాడు.

"మా ఊరి పిల్ల," అన్నాడు జగన్నాధం. "పుట్టింటికి తీసికెల్తన్నాను."