మొదటి మెట్టు మీద ఆకురాయి

బెల్లంపల్లి గని వర్క్‌షాపులో నేను ఫిట్టర్‌గా ఉన్న రోజులవి. బొగ్గు తొట్లను తాడుతో లాగే హాలేజీ ఇంజను నడిపే స్నేహితుడు ఈస్టర్ ముందటి శనివారం మధ్యాహ్నం గిటారు పట్టుకుని మా క్వార్టరుకు వచ్చాడు. అది అతని బాపుది, ఆయన చనిపోయాడు. చర్చిలో పాటలకు వేరే వాద్యం లేదు.

"అయిదో మెట్టు కాడ ఏలు పెడితే జీర వస్తుందన్నా. రేపు పొద్దుగాల్నే ప్రార్థన."

గిటారు మెడ మీద అడ్డంగా పాతిన ఇత్తడి కడ్డీలను అతను మెట్లు అనేవాడు.

"నేనెప్పుడు చేసిన గీ పని?"

"ఇంజన్ల షాఫ్టులు సాపు చేస్తవు గద. గిది గంతకన్న మొండిదా?"

పరికరాల పెట్టె తెరిచి పొడవాటి ఉక్కు స్కేలు తీశాను. వర్క్‌షాపులో మాకు నేర్పింది అదే. స్కేలు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. సందులో వెలుగు కనిపిస్తే పని ఒప్పుకోకూడదు. తీగల నడుమ స్కేలు నిలబెట్టి చూశాను. రెండు కొసలూ ఆనాయి, మధ్యలో సన్నని వెలుగు. కొసలు ఎత్తుగా ఉన్నాయని తేల్చుకుని, తీగలు వదులు చేసి, మొదటి మెట్టును ఆకురాయితో రుద్దాను. తీగలు మళ్లీ బిగించి అతని చేతికిచ్చాను.

అయిదో మెట్టు దగ్గర జీర అలాగే ఉంది. ఇప్పుడు మొదటి మెట్టు దగ్గర కూడా వచ్చింది.

అతను మళ్లీ మీటాడు. నా వైపు చూడలేదు.

"తీసిన ఇత్తడి మళ్ల అంటుతదా అన్నా?"

"అంటుతదని ఎట్ల చెప్పాలె తమ్మీ. అంటదు."

"గట్లనా" అన్నాడు. గిటారు మాత్రం ఒళ్లోంచి కింద పెట్టలేదు.

మరోసారి మీటమన్నాను. ఈసారి చెవి పెట్టక కళ్లు పెట్టి చూశాను. తీగ మధ్యలో బాగా ఊగుతోంది. అది ఊగాలంటే మెడ మధ్యలో ఆ కాస్త పల్లం ఉండాల్సిందే. షాఫ్టు లెక్క దీనికి పనికిరాదు. అసలు లోపం ఆ పల్లంలో దాగి ఉంటే పొడవాటి స్కేలుకు అందదు.

పెట్టె అడుగున విరిగిన స్కేలు ముక్క ఒకటి ఉంది, రెండున్నర అంగుళాలు. దాన్ని మూడేసి మెట్ల మీద ఆనిస్తూ పోయాను. అయిదు, ఆరు, ఏడు మెట్ల మీద అది ఊగింది. ఆరోది ఎత్తుగా ఉంది. చేయి ఆకురాయి మీదికి పోయింది.

"ఆగన్నా" అన్నాడతను. "జర ఆగు."

ఆగాను. సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లో అన్నిటికన్నా పలుచని రేకు తీసి ఆరో మెట్టు కింద పెట్టాను. లోపలికి దూరింది. మెట్టు అరగలేదు, పెరగలేదు. గాడిలోంచి లేచింది. తీగ పక్కకు జరిపి, పైన చెక్క ముక్క పెట్టి, చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేశాను. అయిదో మెట్టు దగ్గర జీర పోయింది.

నేను అరగదీసిన మొదటి మెట్టు అలాగే ఉండిపోయింది.

ఆదివారం అతను రెండో మెట్టు వెనక తీగలకు అడ్డంగా పెన్సిల్ పెట్టి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించుకొచ్చాడు. మొదటి మెట్టుతో పని లేకుండా పోయింది కానీ పాటలన్నీ ఒక స్వరం పైకి ఎక్కాయి. పై చరణాల దగ్గర వెనక వరుస ఆడవాళ్లు ఆగిపోతే అతనొక్కడే పాడాడు.

ప్రార్థన అయ్యాక గొంతు సవరించుకుంటూ బయటికి వచ్చాడు. "ముసలవ్వలు తిడుతుండ్రన్నా."

"ఇయ్యి, కొత్త మెట్టు ఏస్త" అన్నాను.

గిటారును చంకలో ఇంకాస్త గట్టిగా ఇరికించుకున్నాడు.

"ముందుగాల ఆ కొత్త మెట్టు తెచ్చి చూపెట్టు. గిటారు నీ చేతికిచ్చే సంగతి తర్వాత."