యాదమ్మ చాప

ఎరిగిన మనిషిని ఎరుగనన్నాను. ఆ మాటను నలభై ఏళ్లకు పైగా ఒక్కదాన్నే మోశాను. కొడుకులకు చెప్పలేదు, కోడళ్లకు అసలే చెప్పలేదు. నా ముఖం తెలియని నీకు చెబుతున్నాను. బడికి రెండేళ్లే పోయాను. అక్షరాలు ఎట్లా ఉన్నా కూడబలుక్కొని చదువు.

నైజాం పాలన చివరి ఏడాది. రజాకార్ల భయానికి నల్లగొండ వైపున్న మా ఊరు ఒక్క రోజులో చెదిరింది. ఎవరు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. నా మగడు పశువుల కోసం ఆగిపోయాడు. నేను ఇద్దరు పిల్లలతో సరిహద్దు దాటి, సర్కారు జిల్లాల్లో ఒక పట్నం సత్రానికి చేరాను. అక్కడా తెలుగే. కానీ మాకది పరదేశం. రూపాయి వేరు, పోలీసులు వేరు, మా మాట వింటే నవ్వేవాళ్లు. బాటసారులు మూడు రోజులు ఉండి పోవడానికి కట్టిన సత్రంలో మేము మూడు నెలలకు పైగా ఉన్నాం.

ఆడవాళ్లందరికీ ఒకటే పొడుగాటి గది. మనిషికొక చాప. పిల్లలు తల్లి చాపలోనే సర్దుకోవాలి. నా పక్క చాప యాదమ్మది. మా ఊరిలో ఎదురింటి పిల్ల. చిన్న వయసులోనే మగడు పోయాడు. దారిలో ఏటి దగ్గర ఎదురై, నా చిన్నవాణ్ని భుజాన ఎక్కించుకొని నీళ్లు దాటించింది. నేను జొన్నపిండి పిడికిలితో కొలిచి వాడేదాన్ని, మూట తలకింద పెట్టుకొని పడుకునేదాన్ని. “అక్కా, గా మూటకు పొద్దుమాపు దండం గూడ పెడ్తున్నవా?” అని ఎగతాళి చేసేది. నేను నవ్వేదాన్ని కాదు.

వానలు ముదిరాయి. నా చాప మీద కప్పు కారసాగింది. పెద్దవాడికి జ్వరం. యాదమ్మ తన చాపలో సగం వాడికిచ్చి పక్కకు ఒదిగేది. నాకు ఆ సగం చాలలేదు. మిగతా సగం మీద కన్ను ఎప్పుడు పడింది? ఎంత వెతికినా ఆ క్షణం దొరకదు.

అప్పుడే సత్రం గుమాస్తా కొత్త కట్టడి తెచ్చాడు. అవతలి వేగులు జొరబడుతున్నారని పుకారు. పిల్లలు కూడా లేని ఒంటరి ఆడదానికి ఆమె ఊరి మనిషి పూచీ పడాలి, లేదంటే ఖాళీ చేయాలి. అక్కడ మా ఊరివాళ్లం మేమిద్దరమే.

మధ్యాహ్నం, జోరువానలో, పేర్ల పుస్తకం పట్టుకొని వచ్చాడు.

“ఈవిడ మీ ఊరావిడేనా అమ్మా? పూచీ పడతావా?”

నేను పలకకముందే యాదమ్మ నవ్వింది. “అడుగుడేందయ్యా, మా అక్కనే. ఈమె గురక మా ఇంట్లకు ఇనొస్తది.”

చుట్టూ ఆడవాళ్లు నవ్వారు.

“నాకు ఎరుక లేదు” అన్నాను.

“అక్కా, పరాచికాలా? జర సక్కగ చెప్పు. ఆయన రాసుకుంటుండు.”

“ఎరుక లేదయ్యా. తొవ్వల కలిసింది.”

“విన్నావుగా? మూట కట్టుకో” అన్నాడు గుమాస్తా.

యాదమ్మ నా ముఖం వంక చూడలేదు. కిందికి చూసింది. నా అరచేయి అప్పటికే ఆమె చాప అంచు మీద ఉంది.

“చాప గావాల్నంటే అడగకపోయినవా అక్కా? నేను అరుగు మీద పండుకుందును గద.”

గుమాస్తాకు వినబడకుండా అంది. అప్పుడు కూడా నన్ను బయటపెట్టలేదు. మూట తీసుకొని వానలోకి పోయింది. మళ్లీ కనిపించలేదు.

పూచీ పడితే రేపు ఏ చిక్కు వస్తుందో అని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. భయపడ్డదాని చెయ్యి చాప మీద ఎందుకుంటుంది? ఆ పొడి చాప మీదే పెద్దవాడి జ్వరం తగ్గింది. అది చూసి, చేసింది తప్పు కాదనుకున్న రోజులూ ఉన్నాయి.

అలజడి సద్దుమణిగి ఊరికి తిరిగొచ్చిన రోజే ఆమె తల్లి నా వాకిట్లోకి వచ్చింది. “బిడ్డా, మా యాది ఏడనన్న కనవడ్డదా?”

“లేదవ్వా.”

ఆ సత్రం పేరు చెప్పి ఉంటే మనిషిని పంపి వెతికించేది. చెబితే, ఎందుకు వదిలి వచ్చావని అడిగేది. అందుకే చెప్పలేదు. బండి ఆగిన చప్పుడైతే చాలు, ముసలామె గడప దాటి వచ్చి దిగిన వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసేది. ఎదురిల్లు కదా, నాకు కనిపించేది. మొదటి తప్పు ఒక్క పూట చేశాను. రెండోది ఆమె చనిపోయేదాకా, పదకొండేళ్లు, రోజూ చేశాను.

యాదమ్మ బతికిందో లేదో తెలియదు. క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. ఇదంతా రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక నాకు దక్కదగింది కాదేమో. అయినా అబద్ధం ఆడను, తేలికైంది.