రామకోటేశ్వరరావు డ్రాయర్ల సేద్యం

మా రామకోటేశ్వరరావుకి ఉన్నది ఒకటే పిచ్చి. పొలం కనబడితే చాలు, డ్రాయరు పాతిపెడతాడు. వాడు భూసార శాస్త్రవేత్త. కాటన్ డ్రాయరు రెండు నెలలు మట్టిలో ఉంటే, ప్రాణమున్న నేలలోని సూక్ష్మజీవులు గుడ్డంతా తినేసి నడుము ఎలాస్టిక్ మాత్రం వదిలేస్తాయి. నేల నిస్సారమైతే, కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టు పైకొస్తుంది.

గన్నవరం నుంచి కంకిపాడు దాకా వాడు పాతినవన్నీ తవ్వితీస్తే ప్రకాశం బ్యారేజీ గేట్లన్నిటికీ తోరణాలు కట్టొచ్చు.

"దండెం మీద ఒక్కటీ మిగలట్లేదన్నయ్యగారూ," అని వాడి భార్య శివపార్వతి నాతో మొరపెట్టుకునేది.

"సైన్సుకి త్యాగం తప్పదు," అనేవాడు వాడు.

"త్యాగానికి మీవి సరిపోవూ? మొన్న మా తమ్ముడు స్నానానికెళ్ళి సాయంత్రం దాకా బయటికి రాలేదు!"

కంకిపాడు దగ్గర జయకృష్ణ పొలాన్ని ఫిలిప్ కౌలుకి చేసేవాడు. పంట ఏటేటా తగ్గుతోంది. "ఈ నేల చచ్చిపోయిందండీ. చేపల చెరువు తవ్విస్తా," అన్నాడు జయకృష్ణ. ఆ కౌలు తప్ప ఫిలిప్‌కి వేరే ఆధారం లేదు.

"పరీక్ష చేద్దాం, ఆగండి," అని మావాడు డ్రాయరు పాతాడు.

తవ్వే రోజు ఊరంతా గట్టు మీదే. నేనూ వెళ్ళాను. డ్రాయరు చెక్కుచెదరకుండా పైకొచ్చింది.

"ఇస్త్రీ చేస్తే పెళ్ళికెళ్ళొచ్చు!" అని అరిచింది పక్క పొలం అమలమ్మ.

"చూశారా? రేపే పొక్లెయిన్ పిలుస్తా," అన్నాడు జయకృష్ణ. ఫిలిప్ గట్టు మీద కూలబడ్డాడు.

మావాడు డ్రాయర్ని ఎండకి ఎత్తిపట్టి చూసి నాలిక్కరుచుకున్నాడు. "అయ్యయ్యో, ఇది నైలానండీ! నైలాన్ని ఏ నేలా తినదు. పొరపాటు నాదే. ఇంకో పంటయ్యాక మళ్ళీ చూద్దాం."

"అంత చదివి డ్రాయరు కొనడం రాదంట!" గట్టంతా ఒకటే నవ్వు. జయకృష్ణ కూడా కడుపు పట్టుకుని నవ్వి, సరేనన్నాడు.

తిరుగు బస్సులో వాడి సంచీలోంచి డ్రాయరు లాగి, నడుము పట్టీ మీద రాసింది చదివాను. నూరు శాతం కాటన్!

"శాస్త్రవేత్తవై ఉండి అబద్ధమాడావురా!"

"మెల్లగా! కండక్టరుది కంకిపాడే," అన్నాడు. "ఆ నేల చావలేదురా, నీరసించింది. తిండి పెడితే లేస్తుంది. ఈలోగా చెరువు తవ్వేస్తే ఎవర్ని లేపను?"

ఆ వేసవిలో ఫిలిప్ చేత జీలుగ విత్తనాలు చల్లించి, పైరు పచ్చగా ఉండగానే ఎరువుగా కలియదున్నించాడు. పశువుల ఎరువు తోలించాడు. కోతయ్యాక గడ్డి తగలబెట్టనివ్వలేదు. మళ్ళీ పాతి తీస్తే ఎలాస్టిక్ మాత్రం దక్కింది. ఫిలిప్ దాన్ని పతకంలా ఎత్తి ఊరంతా చూపించాడు. జయకృష్ణ చెరువు మాట మానేసి కౌలు ఖాయం చేశాడు.

ఇప్పటికీ మావాడు కంకిపాడులో బస్సు దిగితే టీకొట్టు నుంచి కేక వినబడుతుంది: "సార్, ఈసారి కాటనేనాండీ?"

"మా ఆవిడకి చూపించే తెచ్చానండీ," అంటాడు వాడు, వెర్రిమొహం పెట్టి.